వినయము వేరు, దాస్యము వేరు

మదనపల్లెనుండి తిరుపతి, శ్రీకాళహస్తుల మీదుగా వచ్చు బాట నాయుడుపేటయొద్ద కలకత్తా–చెన్నపట్టణపు పెద్దబాటలో కలియుచున్నది. అచ్చటినుండి చెన్నపట్టణపు విమానాశ్రయము కొలది గంటల ప్రయాణము. రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి ప్రాంతములనుండియు, నెల్లూరు, చిత్తూరు సీమలనుండియు కువైట్, సౌదీ, అమీరతు దేశములకు పనికై పోవువారు అనేకులు. అందు ఇల్లు విడిచి పొరుగు జిల్లాయైన ఎరుగని స్త్రీలును గలరు. తొలిసారి సముద్రము దాటబోవువానికి ఊరిలో ప్రతివాడును ఒక హితవు చెప్పును. 'పెద్దగా మాటాడకుము; చెప్పినది చేయుము; ఎదురు చెప్పకుము; అడిగినది ఇచ్చివేయుము' అనునదియే ఆ హితవులన్నింటి సారము. ఈ హితవులో సగము మర్యాద, సగము ప్రమాదము. ఏ సగము ఏదో విడదీసి చెప్పువారు లేకపోవుటచేతనే మనవారు కష్టముల పాలగుచున్నారని మా అభిప్రాయము.

మర్యాద నేర్వవలసినదే. అందు సిగ్గుపడవలసినది లేదు. 1888వ సంవత్సరమున మహాత్మా గాంధి పందొమ్మిదేండ్లు నిండని యువకుడై సీమకు పోయినప్పుడు ఓడలో ముల్లుగరిటె పట్టుట తెలియక, భోజనశాలకు పోక, ఇంటినుండి తెచ్చుకొన్న తినుబండారములతో గదిలోనే కాలము గడపెను. నలుపు దుస్తుల నడుమ తానొక్కడే తెల్లని ఉన్ని దుస్తులతో రేవులో దిగి సిగ్గుపడెను. తన్ను చూడవచ్చిన డాక్టరు ప్రాణజీవన మెహతా టోపీని చేతబట్టి, దాని నూగును ఎదురు దిక్కునకు నిమిరెను. మెహతా ఆతనికి అప్పుడే పాఠము చెప్పెను: ఒరుల వస్తువులు ముట్టరాదు, తొలి పరిచయముననే ఆరాలు తీయరాదు, బిగ్గరగా మాటాడరాదు, ప్రతివానిని 'అయ్యా' అని సంబోధింపరాదు. ఈ ముచ్చట గాంధీజీ తన ఆత్మకథయందే నవ్వుచు వ్రాసికొనెను. ఈ నాలుగు మాటలు నేటికిని చెల్లును. వీనిని నేర్చుటకు ఒక్క సాయంకాలము చాలును.

ఆ గాంధీజీకే ఆరేండ్లకు, 1894లో, దక్షిణాఫ్రికాయందలి డర్బను పట్టణమున వేరొక 'మర్యాద' కనబడెను. బాలసుందరమను తమిళ కూలీ, తలపాగా చేతబట్టుకొని, చినిగిన బట్టలతో, యజమాని కొట్టిన దెబ్బలకు ముందరి పండ్లు రెండు విరిగి నెత్తురు కారుచుండగా, ఏడ్చుచు ఆతని కచేరీకి వచ్చెను. తలపాగా చేతనేల? తెల్లవాని యెదుటికి పోవునప్పుడు గిరిమిటు కూలీ తలపాగా తీయవలెనను ఆచారమట! గాంధీజీ మొదట ఆ తలపాగాను తలకు చుట్టుకొమ్మనెను. పిమ్మట డాక్టరునొద్దకు పంపి గాయములకు సర్టిఫికెట్టు వ్రాయించి, మేజిస్ట్రేటునొద్దకు తోడ్కొని పోయెను. ఇంత చేసినను ఆ కూలీకి లభించిన విమోచన మేమి? ఒప్పందమును ఒక దొరనుండి మరియొక దొరకు మార్పించుట మాత్రమే. కూలీ స్వేచ్ఛగా వేరు పని చూచుకొనుటకు ఆనాటి చట్టమున త్రోవ లేదు.

టోపీని సరిగా పట్టుట వినయము. తలపాగాను విప్పి చేతబట్టుట దాస్యము. ఈ రెండింటి భేదమే తొలిసారి పరదేశమేగువాడు మొట్టమొదట తెలిసికొనవలసినది.

గిరిమిటు కథ మన తెలుగువారికి పరాయిది కాదు. 1860 నవంబరు 16వ తేదీన డర్బను రేవు చేరిన ట్రూరో ఓడ చెన్నపట్టణపు రేవునుండియే బయలుదేరెను. అందు 342 మంది కూలీలు. తమిళులతో తెలుగువారును ఆ దేశమున స్థిరపడి, 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. చదువరాని కాగితముపై వ్రేలిముద్ర వేసి పోయినవారే వారి పూర్వులలో అనేకులు. దేశీయుల ఆందోళన ఫలితముగా 1917లో ఆ పద్ధతికి తెరపడెను. ఓడ పోయి విమానము వచ్చినది. కాని చదువరాని కాగితము మాత్రము పోలేదు. నేడది అరబ్బీ భాషలో నుండును.

గల్ఫు దేశములలో విదేశపు కూలీకి ఒక పూచీదారుడుండవలెను. వానిని కఫీల్ అందురు. ఈ పద్ధతిని కొన్ని దేశములు కొంత సడలించినవి. కాని ఇంటిపనివారి విషయమున ఆ సడలింపు మిక్కిలి స్వల్పము. కఫీల్ ఇంటినుండి చెప్పక వెళ్లిపోయిన పనిమనిషిపై 'పారిపోయినది' అను ఫిర్యాదు పడినచో ఆమె నివాసము చట్టవిరుద్ధము కావచ్చును. మనవారు ఇట్టివారిని 'ఖల్లివెల్లి' అందురు. జీతమీయని యజమానిపై అభియోగము చేయవలసిన ఆమెయే పోలీసులకు వెరచి దాగవలసి వచ్చును. బాలసుందరమునకు దొరను మార్పించుటకు మధ్యవర్తి కావలసినట్లే, ఈమెకును కావలెను.

ఇంతమాత్రమున అచ్చట చట్టమే లేదనుట సరికాదు. కువైట్ ప్రభుత్వము 2015లో ఇంటిపనివారి కొరకు 68వ నెంబరు చట్టము చేసెను. దినమునకు పండ్రెండు గంటలకు మించి పనిచేయింపరాదు. వారమునకొక దినము విరామము, ఏటేట జీతముతో కూడిన సెలవు ఈయవలెను. పనిమనిషి పాస్‌పోర్టును ఆమె సమ్మతి లేక యజమాని తనయొద్ద ఉంచుకొనరాదు. పాఠకులు 'సమ్మతి లేక' అను మాటను గమనింపవలెను. విమానము దిగిన దినమున యజమాని చేయి చాచి పాస్‌పోర్టు అడుగును. ఊరిలో పెద్దలు 'అడిగినది ఇచ్చివేయుము' అనిరి గదా! ఆమె వినయముతో ఇచ్చివేయును. అదియే సమ్మతి యగును. చట్టము ఆమెకిచ్చిన రక్షణను ఆమె మర్యాదయే హరించివైచును. 'బాబా, నా కాగితములు నాయొద్దనే యుండనిండు' అని చేతులు జోడించి నెమ్మదిగా చెప్పుట మర్యాదలో లోపము కాదు. ఇంటి యజమానురాలిని 'మామా' యని పిలుచుట నేర్పినవారు ఈ ఒక్క వాక్యమును గూడ నేర్పి పంపరాదా?

మన దేశపు చట్టములను గూర్చియు ఇంతే అజ్ఞానము. 1983లో పార్లమెంటు వలస చట్టము చేసెను. పదవ తరగతి తేరనివారి పాస్‌పోర్టు 'వలస తనిఖీ అవసరము' అను తరగతికి చెందును. అట్టివారు గల్ఫు దేశములు, మలేషియా మున్నగు పదునెనిమిది దేశములకు పనికై పోవలెనన్న వలసదారుల సంరక్షకాధికారి అనుమతి వలయును. లైసెన్సుగల ఏజెంటు తన సేవకు ముప్పదివేల రూపాయలు, దానిపై పన్ను తప్ప అధికముగా గైకొనరాదని నిబంధన. అనుమతి పొంది పోవువారికి పది లక్షల రూపాయల ప్రమాద భీమా కలదు. రెండేండ్లకు దాని కిస్తీ 275 రూపాయలు. 2024 జూన్ 12న కువైట్‌నందలి మంగాఫ్‌లో కూలీల వసతి భవనము మంటలలో చిక్కి 45 మంది భారతీయులు మరణించిరి. అందు ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. ఆ దినము స్మరించినవాడు 275 రూపాయలను దండుగ యనడు. వసతి చేరిన మొదటి రాత్రియే మెట్లెటు, బయటికి త్రోవ యెటు, డాబా తలుపు తెరచియుండునా యని చూచుకొనవలెననియు ఆ దుర్ఘటనమే నేర్పుచున్నది.

మరి ఈ రక్షణలు అందరికిని ఏల అందవు? ముప్పదియేండ్లు నిండని స్త్రీకి ఈ దేశములలో ఇంటిపనికి అనుమతి నీయరు. 2016నుండి ఇంటిపని స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపవలెనని నియమించిరి. ఉద్దేశము మంచిదే. కాని అప్పు తీర్పవలసిన ఇరువదియైదేండ్ల తల్లి నిబంధన చదివి ఇంట కూర్చుండదు. ఏజెంటు ఆమెకు సందర్శకుల వీసా చేతబెట్టి, 'విమానాశ్రయమున అడిగినచో చుట్టమును చూడబోవుచున్నానని చెప్పుము' అని నేర్పును. ఆమె విదేశయాత్రలో మొదటిమాట అబద్ధమగును. ఆ అబద్ధముతోనే ఒప్పందము, భీమా, సంరక్షకాధికారి అనుమతి అన్నియు పోవును. ద్వారము మూసినంతమాత్రమున దొడ్డిత్రోవ మూతపడదు. చట్టబద్ధమైన మార్గము ఏజెంటు మార్గమంత సులభముగాను, చవుకగాను ఉన్ననాడే ఈ నిషేధములకు అర్థముండును. ఈ విషయమున ప్రభుత్వములు ఆత్మపరీక్ష చేసికొనవలెను.

చదువుకొన్నవారు తమకీ గొడవ లేదనుకొనవలదు. 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు కంప్యూటరు ఉద్యోగములని ఆశచూపి యువకులను కాంబోడియాకు పంపిన ఏజెంట్లను పట్టుకొనిరి. పోయినవారిచే అచ్చట చేయించినది తంతి తపాలా మోసములకు మించిన ఆధునిక మోసము: ఫోనులలో తోటి భారతీయులనే వంచించి ధనము లాగుట. 2025 మార్చిలో మయన్మారు సరిహద్దునందలి ఇట్టి మోసపు స్థావరములనుండి విడుదలయైన 549 మంది భారతీయులను వాయుసేన విమానములు థాయిలాండునుండి తీసికొనివచ్చినవి. వీరు నిరక్షరాస్యులు కారు. పని వీసా లేక పనికి పోయినవారు; అదియే వారి తప్పిదము. పట్టభద్రునికైనను, పామరునికైనను సూత్రమొక్కటే: విహారపు వీసాతో ఉద్యోగమునకు పోరాదు. 'ఆజాద్ వీసా' యను మాట విన్నచో లేచి రావలెను. అట్టి వీసాను ఏ ప్రభుత్వమును ఇచ్చుట లేదు.

ఇక ఆతిథ్యమిచ్చు దేశమునెడల మనము చూపవలసిన వినయము మాట. అది మెప్పుకొరకు చేయునది కాదు. అచ్చట అదియే చట్టము. మన వంటింట గసగసాలు మసాలా. అమీరతులలోను, సౌదీలోను అవి నిషిద్ధ వస్తువులు. తలనొప్పికో, నడుమునొప్పికో మన ఊరి దుకాణమున దొరకు మాత్రలలో కొన్ని అచ్చట మాదకద్రవ్యములుగా ఎంచబడును. వైద్యుని చీటీ, ముందస్తు అనుమతి లేక కొనిపోరాదు. 'మా తమ్మునికి ఈ పచ్చడిడబ్బా అందజేయుము తల్లీ' అని విమానాశ్రయమున తెలియనివారు చేతబెట్టు మూటను ఎంత బ్రతిమాలినను పుచ్చుకొనరాదు. మన సీమలో కాదనుట అమర్యాద. విమానాశ్రయమున అవుననుట చెరసాల. రంజాను మాసమున పగటివేళ నలుగురి యెదుట తినుట, త్రాగుట కువైట్‌లో 1968 చట్టముప్రకారము నేరము; నూరు దీనారుల వరకు జరిమానాయో, నెల వరకు చెరయో పడవచ్చును. మద్యము ఆ దేశమున పూర్తిగా నిషిద్ధము. 2025 ఆగస్టులో అచ్చట దొంగసారా త్రాగి ఇరువదిమందికి పైగా విదేశీయులు మరణించిరి. స్త్రీలను, ప్రభుత్వ భవనములను, రక్షణ స్థావరములను ఫొటో తీయరాదు. ఆ దేశపు పాలకులను, మతమును గూర్చి ఫోనులో వ్రాతలు వ్రాయరాదు. ఇవి అన్నియు పాటింపవలసినవే. ఒరుల ఇంట వారి పద్ధతి నెరిగి మెలగుట మన పెద్దలు నేర్పినదే.

కాని కొట్టిన దెబ్బను దాచుకొనుట పద్ధతి కాదు. జీతము రాని నెలలను లెక్కింపకుండుట వినయము కాదు. కాగితములను అప్పగించుట కృతజ్ఞత కాదు. దెబ్బ తగిలినచో బాలసుందరమువలె మొదట వైద్యుని కాగితము పొందవలెను. ఇల్లు విడువక తప్పనినాడు వీధిలో పరిచితుడెవడో చూపిన మరియొక ఇంటికి పోరాదు. నేరుగా భారత రాయబార కార్యాలయమునకు పోవలెను. కువైట్ రాయబార కార్యాలయము ఇట్టి స్త్రీలకు ఆశ్రయ గృహమును నడుపుచున్నది. ఆ చిరునామా, ఫోను నెంబరు ఫోనులో మాత్రమే యున్న చాలదు, ఏలయన మొదట లాగికొనునది ఫోనే. పైటచెంగున ముడివేసికొని పోవలెను. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందముల నకళ్లు ఒక్కొక్కటి ఇంటివారియొద్ద ఉంచి పోవలెను.

'కడుపునకు లేనివారికి ఇన్ని నియమములా? పోనిండు, బ్రతుకనిండు' అని కొందరనవచ్చును. మేము పోవలదనుట లేదు. పొరుగు దేశములలో చెమటోడ్చి మన పల్లెలలో ఇండ్లు నిలిపిన స్త్రీలయెడ మాకు గౌరవము మెండు. తలపాగాతో పొండనియే మేము చెప్పుచున్నాము. అందుకు వలయునది పెద్ద ధనము కాదు. నాయుడుపేట వంటి కూడలి పట్టణముల పురపాలక సంఘములు బస్సు నిలయములయందు తెలుగున ఈ నిబంధనలను గోడలపై వ్రాయింపవచ్చును. తహశీల్దారు కచేరీయందు వారమునకొక దినము ఏజెంటు లైసెన్సు నిజమైనదో కాదో చూచి చెప్పు గుమాస్తా నొకనిని కూర్చుండబెట్టవచ్చును. ఆ లైసెన్సుల జాబితా కేంద్రప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పుటయందు అందరికిని కనబడుచునే యున్నది. ఉపాధ్యాయులు సాయంకాలమొక గంట వెచ్చించి, ప్రయాణమునకు సిద్ధమైనవారి ఒప్పందమును చదివి తెలుగున వినిపింపవచ్చును. వినిపించువాడు లేకనే ఒకనాడు ఓడలు నిండినవి.

గిరిమిటును రద్దుచేయించిన జాతి, తన బిడ్డ తన పాస్‌పోర్టును తనచేత పట్టుకొనునంతటి ధైర్యమును ఆమెకు నేర్పి పంపలేదా? ఏజెంటు చెప్పు హితవుకు ముందు మన హితవు ఆమె చెవిని పడవలెను. ఆ కర్తవ్యము విమానాశ్రయమున కాదు, మన వీధి అరుగుమీదనే ఆరంభము కావలెను.