శ్రావణం జాకెట్లకు గ్రాఫు కాగితం లెక్క

శ్రావణమాసం వస్తోందంటే ఇంట్లో కుట్టుమిషను ఉన్న ఇల్లాలికి ఊపిరి సలపదు. "వరలక్ష్మీవ్రతం నాటికి కావాలి వదినా!" అంటే కాదనడానికి మొహమాటం. తీరా గురువారం అర్ధరాత్రి దాటినా పని తెమలదు. నిద్రా పోతుంది, మాటా పోతుంది. ఎన్ని ఒప్పుకోవచ్చో ముందే తేల్చుకునే దారి ఒకటుంది. బళ్ళో చదివిన అసమీకరణాలే!

వంటావార్పూ, పిల్లల క్యారేజీలూ పోగా మీకు రోజుకి 4 గంటలు చిక్కుతాయనుకోండి. ఆరు రోజులకి 24. మామూలు జాకెట్టుకి గంట, లైనింగుదానికి రెండు. అంటే మామూలువి ఎన్నో అన్ని గంటలు, లైనింగువి ఎన్నో దానికి రెట్టింపు గంటలు. కలిపితే 24కి మించకూడదు. సరిగ్గా 24 కానక్కర్లేదు, తగ్గినా ఫరవాలేదు. ఈ 'మించకూడదు' అన్నదే అసమీకరణం.

హుక్కులు, కాజాలు, హెమ్మింగు అత్తగారు చూస్తారు. దేనికైనా అరగంట. వారానికి 8 గంటలు దాటితే ఆవిడ కళ్ళు సహకరించవు. కాబట్టి మొత్తం జాకెట్లు 16కి మించకూడదు. (ఆవిడ కష్టానికీ వెల కట్టండి, అది వేరే సంగతి.)

పిల్లల గ్రాఫు కాగితం తీసుకుని అడ్డంగా మామూలువి, నిలువుగా లైనింగువి గుర్తించండి. మొదటి షరతుకి అడ్డం 24 నుంచి నిలువు 12కి గీత. రెండోదానికి 16 నుంచి 16కి. రెండు గీతలకీ లోపలున్నదే మనకు సాధ్యమయ్యేది. అన్ని చుక్కలూ వెతకక్కర్లేదు, ఎక్కువ రాబడి మూలల్లోనే దొరుకుతుంది.

కూలి 150, 250 రూపాయలైతే, 16 మామూలువాటికి 2400. అచ్చంగా లైనింగువే 12 కుడితే 3000. గీతలు కలిసేచోట, ఎనిమిదీ ఎనిమిదీ కుడితే 3200! పదిహేడో జాకెట్టు తెచ్చినావిడకి నవ్వుతూనే "వచ్చేవారం" అనండి.

1939లో సోవియట్ దేశంలో కంటరోవిచ్ అనే గణితవేత్త ప్లైవుడ్ మిషన్లకి పని పంచే లెక్క ఇలాంటి పద్ధతిలోనే తేల్చారు. ఆయనకు 1975లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

కరెంటు కోతలుండే ఊరైతే 24 బదులు 20 వేసుకోండి. అప్పుడు 12 మామూలువి, 4 లైనింగువి. కూలి మారినా లెక్క మళ్ళీ చూడాల్సిందే. లైనింగుకి 350 ఇస్తామన్నారనుకోండి, 24 గంటల్లో ఎనిమిదీ ఎనిమిదికి 4000, అచ్చంగా లైనింగువి పన్నెండింటికి 4200. పైగా అత్తగారికి రెండు గంటలు మిగులుతాయి.