అడుగుల లెక్క

మోకాలినొప్పిచే మూల గూర్చుండిన వృద్ధులు మన యిండ్లలో నెందఱో కలరు. అరిగిన కీలును తొలగించి, లోహముతోను పాలిథీనుతోను జేసిన కీలు నమర్చు శస్త్రచికిత్స నేడు మన పట్టణములలో సామాన్యమైనది. దీనివలన ననేకులకు నొప్పి తగ్గుచున్నది. అయితే నొప్పి తగ్గినవారెల్లరును నడచుచున్నారా?

ఈ ప్రశ్నకు నోటిమాట చాలదు. మణికట్టునగాని నడుమునగాని ధరించు చిన్న యంత్రము లిప్పుడు కలవు. వానిలోని త్వరణమాపకము దేహపు కదలికను గుర్తించి యడుగులను లెక్కించును. ఇట్లు కొలిచి చూడగా, చికిత్స జరిగిన యాఱు నెలలకు నొప్పి మిక్కిలి తగ్గెనని చెప్పినవారి నడకలో సయితము పెరుగుదల స్వల్పమే యని పలు పరిశోధనలలో తేలినది. వైద్యుడు కీలును మార్చగలడు గాని, ఏండ్లతరబడి కూర్చుండిన యలవాటును మార్చలేడు.

కావున అడుగుల లెక్క శస్త్రచికిత్సకు ముందే ప్రారంభింపవలెనని నా యభిప్రాయము. పూర్వపు లెక్క లేనిచో తరువాతి లెక్కకు అర్థము లేదు. దినమునకు 1,500 అడుగులు వేయుచుండిన అవ్వ 3,000 వేసినచో అది గొప్ప లాభమే. పదివేలు వేయలేదని యామెను నిందింపరాదు. ఆ పదివేల సంఖ్య 1965లో జపానులో అమ్మకమునకు వచ్చిన యొక యడుగుల యంత్రపు పేరునుండి వ్యాపించినదే. 2019లో ప్రకటింపబడిన యొక అమెరికా పరిశీలనయందు 16,741 మంది వృద్ధస్త్రీల నడకను కొలువగా, దినమునకు సుమారు 2,700 అడుగులు వేసినవారికంటె 4,400 వేసినవారిలో మరణములు తక్కువగా కనబడినవి.

యంత్రమునకును లోపములు కలవు. వాకరును రెండు చేతులతో పట్టుకొని మెల్లగా నడచువారి చేయి ఊగదు గనుక, మణికట్టు యంత్రము కొన్ని యడుగులను విడిచిపెట్టును. మఱియు మొదటి వారములలో ఎంత నడువవలెనో వైద్యుడే చెప్పవలెను. సంఖ్యకై తొందరపడి వాపు తెచ్చుకొనుట అవివేకము.

విద్యార్థులారా! మీ యింట తాతగారికో అమ్మమ్మగారికో ఇట్టి చికిత్స జరుగనున్నచో, యంత్రము కొనియిచ్చి మీ పని తీరెనని తలపకుడు. నేటినుండియే వారి యడుగులను ఒక పుస్తకమున వ్రాసియుంచి వైద్యునకు చూపుడు. చికిత్స యైన పిమ్మట, వైద్యు డనుమతించిన నాటినుండి సాయంకాలము వారితో వీధిచివరివఱకు నడువుడు. పడిపోదుమని వెఱచు వృద్ధులకు మనుమల భుజముకంటె మంచి యూత వేఱొకటి లేదు.