దివాను గారి ఇల్లు

వేసవి సెలవులకు హైదరాబాదు వెళ్ళే మన కామాటిపురా వాళ్ళు చార్మినార్ చూసి, గాజులు కొని తిరుగు రైలెక్కేస్తారు. ఈసారి సాలార్‌జంగ్ మ్యూజియంకు ఒక పూట కేటాయించండి. ఇటలీలో కళలను పోషించిన మెడిచీలు బ్యాంకర్లు. మా వృత్తివాళ్ళని నాకు కాస్త గర్వం! హైదరాబాదులో ఆ పని దివాన్ల కుటుంబం చేసింది.

మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్న ‘వెయిల్డ్ రెబెక్కా’ దగ్గర మా అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. బెన్జోనీ చెక్కిన పాలరాతి బొమ్మ అది. పల్చటి మేలిముసుగు, దాని వెనక ముఖం, అన్నీ ఒకే రాయి. ముంబయిలో రాళ్ళు మోసిన కామాటీ కూతురు కదా, “ఇంత బరువు ఓడలోంచి ఎవరు దించారురా?” అంది. ఆ సంగతి పలక మీద రాయలేదు.

మూడో సాలార్‌జంగ్ పెళ్ళి లేకుండానే 1949లో పోయారు. 1951 డిసెంబరు 16న వారి దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1968లో వస్తువులు మూసీ ఒడ్డున కొత్త భవనానికి మారాయి. దేవిడీలో కమాన్లు తప్ప ఇల్లు మిగల్లేదు.

మన చాళ్ళకూ పునర్నిర్మాణం వస్తోంది. చెక్కమెట్లు, వసారాలు ఉండగానే ఫోటోలు తీసి, వెనక తాతల పేర్లు రాసిపెట్టండి. అన్నట్టు, శుక్రవారం మ్యూజియంకు సెలవు.