బహుమతి పెట్టి ప్రార్థన నేర్పుతారా?

ఈ ధనుర్మాసంలో మన కనకాలపేట పిల్లలకు తిరుప్పావై పోటీ పెట్టి, 30 పాశురాలూ ఆపకుండా అప్పజెప్పినవాళ్ళకు బహుమతి ఇద్దామంటున్నారు. నేను ఒప్పుకోను.

నేను చదివింది తమిళ మీడియం. మన పిల్లలు ఎక్స్‌ప్రెస్ బండిలా చదివేస్తుంటే ఆ తమిళం నాకే అందదు, వాళ్ళకేం అర్థమవుతుంది? రోజుకొకటి చొప్పున నెలంతా పాడుకునే పాశురాలవి. 6 నుంచి 15 దాకా ఆండాళ్ చేసే పని ఒక్కటే: ఒక్కో స్నేహితురాలి గుమ్మం దగ్గరకెళ్ళి, నిద్రలేపి, తనతో తీసుకెళ్ళడం. "మీరు వెళ్ళి రండి" అని తను ఇంట్లో కూర్చోలేదు. మరి మనం? పిల్లాణ్ణి దేవుడి గదిలోకి తోసి హాల్లో సీరియల్ చూస్తాం. ఐదేళ్ళవాడి చెవి ఎటు ఉంటుందో వేరే చెప్పాలా?

డ్యూటీ నుంచి వచ్చేసరికి రాత్రవుతుంది, ఎక్కడ కుదురుతుందంటారు. నేనూ రైల్వేలో షిఫ్టులు చేసినవాణ్ణే. సాయంత్రం కాకపోతే పొద్దున్న, స్కూలు బ్యాగు తగిలించే ముందు ఐదు నిమిషాలు. ఒక్క పాశురం, దాని అర్థం తెలుగులో రెండు ముక్కలు. మధ్యలో పిల్లాడు నవ్వితే నవ్వనివ్వండి, వీపు మీద ఒకటి వేయకండి.

ఆ పోటీ డబ్బుతో అర్థం ఉన్న చిన్న పుస్తకాలు కొని ఇంటికొకటి ఇవ్వండి. తమిళ మాటలు తెలియకపోతే సాయంత్రం మా అరుగు మీదకు రండి, చెబుతాను.