రాయచోటికి కువైట్, ఎర్రగుంట్లకు బీహార్

2020 జూన్‌లో, ఒకవైపు కరోనా కమ్ముకుని మరోవైపు చమురు ధర పడిపోయిన రోజుల్లో, కువైట్ ప్రధాని షేక్ సబా అల్ ఖాలిద్ తమ జనాభాలో 70 శాతం దాకా ఉన్న విదేశీయులను 30 శాతానికి తగ్గించాలన్నారు. నెల గడిచేసరికి దేశాలవారీ కోటాల బిల్లు అక్కడి పార్లమెంటరీ కమిటీ గడప దాటింది. భారతీయులు 15 శాతానికి మించకూడదన్నది అందులో ఒక మాట. ఆ లెక్కన ఎనిమిది లక్షల మంది మూటాముల్లె సర్దుకోవాలని పత్రికలు రాశాయి. పాత కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట, సుండుపల్లె, చిట్వేలి వైపు ఎన్ని ఇళ్లు కువైట్ దీనార్ల మీద నిలబడ్డాయో తెలిసినవాళ్లకు, ఆ వార్త అక్కడ ఎంత గుబులు రేపి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

దానికి ఏడాది ముందే, 2019 జులైలో, మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక చట్టం చేసింది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలంది. దేశంలో ఇటువంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదేనని గర్వంగా చెప్పుకున్నాం కూడా. ఈ రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. కువైట్ చేస్తే అన్యాయం, మనం చేస్తే ఆత్మగౌరవం! నిజానికి రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే: బయటివాడు వచ్చాడు కాబట్టే మన పిల్లవాడికి పని లేదు. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో కడప వాళ్లకంటే బాగా ఎవరికి తెలియాలి? ఒకే ఊరి మనుషులు అక్కడ బయటివాళ్లు, ఇక్కడ స్థానికులు.

ముందు గల్ఫ్ సంగతి చూద్దాం. సౌదీలో 2018 మొదట్లో స్వదేశీయుల నిరుద్యోగం 12.9 శాతం. కువైట్‌లో పనిచేసే పౌరుల్లో అత్యధికులు సర్కారు కొలువుల్లోనే ఉంటారు. పని లేనివాళ్లలో చాలామంది ఆ కొలువు కోసం ఎదురుచూస్తుంటారు. అంటే అక్కడి నిరుద్యోగి చాలావరకు చదువుకున్న యువకుడు, యువతి. మన వాళ్లు వెళ్లేది దేనికి? మగవాళ్లు హౌస్ డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, తాపీ, టైల్స్ పనులకు, ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాయడానికి. ఆడవాళ్లు ఇంటి పనికి, అక్కడి మాటలో ఖద్దామాగా. డిగ్రీ చేతిలో పట్టుకున్న కువైటీ కుర్రాడు ఎడారిలో గొర్రెల మంద కోసం లైనులో నిలబడి ఉన్నాడా?

అయినా చట్టాలు వస్తూనే ఉన్నాయి. సౌదీ 2011లో నితాఖత్ తెచ్చి, స్వదేశీయులు ఎందరున్నారన్న లెక్కన కంపెనీలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు అద్దింది. 2013లో కాగితాలు సరిగా లేనివాళ్లకిచ్చిన క్షమాభిక్ష గడువు ముగిశాక తనిఖీలు మొదలైతే లక్షల మంది దేశం విడిచారు. కువైట్ 2018లో, 2020లో, 2024లో క్షమాభిక్షలు ప్రకటించింది. మూడుసార్లు ఊడ్చాల్సి వచ్చిందంటే ఊడ్చిన ప్రతిసారీ మళ్లీ మనుషులు వచ్చి చేరారనేగా అర్థం. 2024 డిసెంబరులో మన ప్రధాని అక్కడికి వెళ్లేనాటికి కువైట్‌లో భారతీయులు సుమారు 10 లక్షలు. 2020 నాటి కోటా అమల్లోకి రానే లేదు.

మరి ఈ చట్టాలతో ఏమీ జరగలేదా? జరిగింది. అది కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, వ్యవస్థలో ఉంది. కువైట్‌లో ఇంటిపని వీసా 20వ అధికరణం కింద, ప్రైవేటు కంపెనీ వీసా 18వ అధికరణం కింద ఇస్తారు. 20 నుంచి 18కి మారడం మామూలుగా కుదరదు. 2024లో ఓ రెండు నెలలు తలుపు తీశారు, అదీ ఒకే యజమాని దగ్గర ఏడాది చేసి ఉండాలి, కఫీల్ సరే అనాలి. ఈ గొడవంతా తెలియని మనిషికి ఊళ్లో సబ్‌ఏజెంటు అమ్మేది 'ఆజాద్ వీసా'. అలాంటి వీసా ఏ దేశం కాగితాల మీదా లేదు. కాగితంలో ఒక కఫీల్ ఉంటాడు, పని మరోచోట చేసుకోవాలి, ఏడాదికోసారి అకామా (నివాస అనుమతి) రెన్యువల్‌కు ఆ కఫీల్‌కు డబ్బు కట్టుకోవాలి. సర్కారు స్వదేశీయుల కోసమని కొరడా తీసినప్పుడు మొదట దెబ్బ తగిలేది వీడికే. కఫీల్ రెన్యువల్ ఆపేస్తాడు, లేదా పారిపోయాడని కేసు పెడతాడు. మన వాళ్ల నోట అతనిక 'కల్లివల్లి', కాగితాలు లేని మనిషి. పని పోయిందా అంటే పోలేదు. ఇల్లు కట్టేవాడికి మేస్త్రీ ఎప్పుడూ కావాలి. పోయింది బేరమాడే నోరు. నిన్న పది దీనార్లు అడిగిన మనిషి ఇవాళ ఆరు ఇస్తే తీసుకుని, పోలీసు కనబడితే సందులోకి తప్పుకుంటాడు. విదేశీయుణ్ని తగ్గిస్తామన్న చట్టం అతణ్ని చవక చేసింది. చవకైన పరాయివాణ్ని వదులుకుని స్వదేశీయుణ్ని పెట్టుకోవడానికి యజమానికేమన్నా పిచ్చా?

అరవై దాటినవాళ్ల కథ ఇంకా విడ్డూరం. డిగ్రీ లేకుండా 60 దాటితే వర్క్ పర్మిట్ రెన్యువల్ చేసేది లేదని 2021 నుంచి కువైట్ నిబంధన పెట్టింది. తర్వాత అభ్యంతరాలొచ్చి, భారీ ఫీజు, బీమా కడితే సరేనంది. ముప్ఫై ఏళ్లు అక్కడే కష్టపడిన తాపీ మేస్త్రీకి డిగ్రీ ఎక్కణ్నుంచి వస్తుంది?

ఎదుటివైపు న్యాయం కూడా చెప్పాలి. స్వదేశీకరణ అన్నిచోట్లా ఉత్తుత్తి మాట కాదు. సౌదీ 2016లో మొబైల్ దుకాణాల్లో అందరూ సౌదీలే ఉండాలంది. చాలా కౌంటర్ల వెనక ఇప్పుడు వాళ్లే కూర్చున్నారు. ఆడవాళ్లు లక్షల్లో ఉద్యోగాల్లోకి వచ్చారు, 2024 చివరికి స్వదేశీయుల నిరుద్యోగం 7 శాతానికి దిగింది. 2018 జూన్‌లో మహిళలకు స్టీరింగ్ చేతికిచ్చాక హౌస్ డ్రైవర్ అవసరం లేని ఇళ్లూ ఏర్పడ్డాయి. స్థానికులు చేయగలిగి, చేయడానికి ఇష్టపడే పనుల్లో, బతకడానికి సరిపడే జీతం ఉన్నచోట కోటా పనిచేసింది. మిగతాచోట్ల కాగితాలను చించింది, అంతే.

ఇక మన చట్టం. 75 శాతం సరే, దేనిలో 75 శాతం? కడప ఉక్కు ఫ్యాక్టరీ సంగతే తీసుకుందాం. 2007లో జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్ అన్నారు. 2014 విభజన చట్టం ఆ మాటను మళ్లీ పరిశీలించమంది. 2018 డిసెంబరులో ఒక ముఖ్యమంత్రి, 2019 డిసెంబరులో మరో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2023 ఫిబ్రవరిలో జేఎస్‌డబ్ల్యూతో కలిసి ఇంకోసారి భూమిపూజ జరిగింది. ఈ ఫ్యాక్టరీ పేరు చెప్పి పని దొరికింది శిలాఫలకాలు చెక్కినవాళ్లకే.

ఉన్న పరిశ్రమల సంగతి వేరు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల వైపో, కర్నూలు బయట లేచే అపార్ట్‌మెంట్ల వైపో ఒకసారి వెళ్లి చూస్తే సిమెంటు బస్తా భుజానికెత్తుకున్న కుర్రాడు భోజ్‌పురిలోనో ఒడియాలోనో మాట్లాడతాడు. ఆ పక్కనే డిగ్రీ పూర్తిచేసిన మన కుర్రాడు గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం కోచింగ్ సెంటర్లో కూర్చుని ఉంటాడు. 2022-23 కేంద్ర కార్మిక సర్వేలో ఆంధ్రప్రదేశ్ పట్టభద్రుల నిరుద్యోగం 24 శాతం. కువైట్ చిత్రమే ఇది, కాకపోతే ఈసారి కఫీల్ కుర్చీలో మన కాంట్రాక్టరు ఉన్నాడు.

కాంట్రాక్టరును అడిగితే "మన వాళ్లు పని చెయ్యరు సార్" అంటాడు. నేనది ఒప్పుకోను. కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు జనం ఇంటికి తాళం వేసి, పిల్లల్ని బడి మాన్పించి, మిరపకోతలకు గుంటూరు వైపు, పత్తి తీతకు తెలంగాణకు, కాంక్రీటు పనికి బెంగళూరుకు సుగ్గికి (వలసకు) పోతున్నారు. పని చేయనివాళ్లు అంతదూరం ఎందుకు పోతారు? అసలు విషయం, సైట్‌లోనే రేకుల షెడ్డులో పడుకునే బీహారీ కుర్రాడు పన్నెండు గంటలు చేస్తాడు, ఉగాదికి ఊరికి పోతాననడు, కూలి ఆలస్యమైతే ఎమ్మార్వో దగ్గరికో లోకల్ లీడర్ దగ్గరికో పోయి పంచాయితీ పెట్టడు. అతనికి ఈ ఊళ్లో ఎవరూ లేకపోవడమే కాంట్రాక్టరుకు కలిసొచ్చిన అర్హత. గుంటూరు మిరపతోటలో కోసిగి కుటుంబానికీ ఇదే అర్హత.

అందుకే శాతాల చట్టాలకు ఈ గొడవ అందదు. పైగా అవి కోర్టుల్లో నిలుస్తాయన్న నమ్మకమూ లేదు. హరియాణా చేసిన 75 శాతం చట్టాన్ని పంజాబ్-హరియాణా హైకోర్టు 2023 నవంబరులో కొట్టేసింది. ఇంకో చట్టం 1979 నుంచీ ఉంది, ఇప్పుడు లేబర్ కోడ్‌లోకి వెళ్లింది. వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన కూలీకి స్థానిక కూలీతో సమానంగా ఇవ్వాలని, దారిఖర్చులివ్వాలని ఆ చట్టమే చెప్పింది. దాన్ని ఎర్రగుంట్లలో నిజంగా అమలుచేస్తే బీహారీ కుర్రాడి చవక పోతుంది, స్థానికుడికి కోటా అడగాల్సిన పనే తగ్గుతుంది.

గల్ఫ్ వైపు మన చేతిలో ఉన్నది కొంచెమే, ఉన్నదైనా వాడడం లేదు. రిజిస్టర్డ్ ఏజెంటు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదన్నది కేంద్రం నిబంధన. ఆ నిబంధన తెలిసి వీసా కొన్నవాళ్లు ఎందరు? ముప్ఫై ఏళ్లు నిండని ఆడవాళ్లను ఇంటిపనికి పంపకూడదన్నారు, నిండినవాళ్లను కూడా ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. మంచి ఉద్దేశమే, కానీ విజిట్ వీసా మీద దొడ్డిదారిన దుబాయ్, మస్కట్ చేరుస్తామనే ఏజెంట్లకు అదే పెట్టుబడి అయింది. అలా వెళ్లిన మనిషికి ఒప్పందపత్రం ఉండదు, బీమా ఉండదు, ఎంబసీ దగ్గర పేరు కూడా ఉండదు. రాష్ట్రానికి ఓంక్యాప్ అనే సొంత రిక్రూటింగ్ సంస్థ ఉంది. రాయచోటి బస్టాండులో సబ్‌ఏజెంటు దొరికినంత సులువుగా ఆ సంస్థ మనిషి దొరకాలి. వీసా 18దో 20దో, జీతమెంతో, కఫీల్ ఎవరో తెలుగులో చదివి వినిపించి, విన్నాకే సంతకం పెట్టించాలి. తిరిగొచ్చిన మేస్త్రీల పేర్లు కూడా అక్కడే నమోదు చేసుకుని, ఇరవై ఏళ్ల గల్ఫ్ అనుభవానికి తగిన కూలి ఇమ్మని మన కాంట్రాక్టర్లను అడగాలి.