సూదికి ముందు ఒక మాట

పిల్లవాడు అన్నం తినకపోతే "సిస్టరమ్మ వచ్చి సూది వేస్తుంది" అని బెదిరించడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. వార్డులో మమ్మల్ని చూపించి మరీ బెదిరించే తల్లిదండ్రులున్నారు. దయచేసి ఈ అలవాటు మానండి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నామో తెలియాలంటే ముందు కొంచెం ఎలుకల సంగతి వినాలి.

ఎలుకల్లో ఆందోళనను కొలవడానికి శాస్త్రజ్ఞులు ప్లస్ గుర్తు ఆకారంలో ఉన్న ఒక బల్లను వాడతారు. అది నేలకు సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. నాలుగు దారుల్లో రెండింటికి గోడలుంటాయి, మిగతా రెండింటికి ఏ అడ్డూ ఉండదు. భయపడిన ఎలుక గోడల చాటునే ఉండిపోతుంది. ఆందోళన తగ్గించే మందు ఇస్తే గోడలు లేని దారుల్లోకి కూడా ఎక్కువగా వస్తుంది. అయితే లండన్‌లో సాండ్రా ఫైల్ అనే శాస్త్రవేత్త 1990లో ఒక వింత సంగతి ప్రచురించారు. అంతకు ముందు మందు లేకుండా ఒక్కసారి, అదీ 5 నిమిషాలు, ఆ బల్ల ఎక్కిన ఎలుకలకు తరువాత మందు ఇచ్చినా ఆ గుణం కనబడలేదు. ఒక్క అనుభవమే అంత పని చేసింది!

అమెరికాలో జే వైస్ 1970 ప్రాంతంలో చేసిన ప్రయోగం మా నర్సులకు ఇంకా దగ్గరగా ఉంటుంది. రెండు ఎలుకలకు ఒకే మోతాదులో కరెంటు షాక్ ఇచ్చారు. ఒకదానికి మాత్రం ప్రతి షాక్‌కు ముందు ఒక శబ్దం వినిపించేవారు. రెండోదానికి ఎప్పుడు తగులుతుందో తెలియదు. నొప్పి ఇద్దరికీ సమానమే గాని, కడుపులో పుండ్లు రెండోదానికే చాలా ఎక్కువ వచ్చాయి. శబ్దం లేనప్పుడు మొదటి ఎలుక నిశ్చింతగా ఉండగలిగింది. రెండోదానికి నిశ్చింత అనేదే లేదు.

ఎలుక మనిషి కాదని మాకూ తెలుసు. కాని "ఏమీ చేయరమ్మా, ఊరికే చూస్తారు" అని నమ్మించి తెచ్చిన బిడ్డ స్థితి ఆ రెండో ఎలుక వంటిదే. ఆ తరువాత తెల్లబట్టలు కనబడితే చాలు, జ్వరం చూడడానికి కూడా చెయ్యి ఇవ్వదు. అప్పుడు ఇద్దరు పట్టుకుంటారు, భయం రెట్టింపవుతుంది. ఇలా పెరిగినవారే పెద్దయ్యాక చక్కెర పరీక్షకు కూడా రాకుండా వాయిదా వేస్తుంటారు.

టీకాల నొప్పి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా కూడా ఇదే దారిలో ఉంది: అబద్ధపు ధైర్యం చెప్పవద్దు, బిడ్డను తల్లి ఒడిలోనే ఉంచాలి, వీలైతే పాలు పడుతుండగానే టీకా వేయాలి. "కొంచెం చురుక్కుమంటుంది, అమ్మ పక్కనే ఉంటుంది" అంటే చాలు. ఇంటి దగ్గరే చెప్పి తీసుకురండి. ప్రార్థన చేసుకుని వచ్చినా మంచిదే, నిజం మాత్రం దాచకండి.

ఈ నియమం మాకు కూడా వర్తిస్తుంది. చెప్పకుండా దుప్పటి తొలగించి సూది వేయడం పని తొందరగా ముగించడం కావచ్చు, సేవ కాదు. మేము చెప్పకపోతే మీరే అడగండి, అది మీ హక్కు.

ఇంకొక మాట. ఇంతకు ముందు రక్తం తీసేటప్పుడు కళ్లు తిరిగి పడిపోయారా? ఆపరేషన్ గదిలో బాగా భయపడ్డారా? చేర్చేటప్పుడే ఆ సంగతి సిస్టరుకు చెప్పండి. చిన్న విషయమని సిగ్గుపడవద్దు. తెలిస్తే మిమ్మల్ని కూర్చోబెట్టకుండా పడుకోబెట్టే రక్తం తీస్తాము, తొందర పెట్టము.