మహల్‌కి టికెట్ పెట్టాలట!

మా మరిదికి కోపం వచ్చినా సరే, ఈ సంగతి రాయకుండా ఉండలేను.

మొన్న డిసెంబర్‌లో క్రిస్మస్ సెలవులకి డెర్బీ నుంచి మరిది, తోడికోడలు, పిల్లలు వచ్చారు. ఒకరోజు అందరం బండి మాట్లాడుకుని వనపర్తి, గద్వాల చూసొద్దామని బయల్దేరాం. తెల్లారకముందే లేచి పులిహోర, పెరుగన్నం కట్టడం నా వంతు. అది వేరే పురాణం, ఇంకోసారి రాస్తాను.

వనపర్తి సంస్థానం రాజావారి మహల్‌లో ఇప్పుడు ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. మా చిన్నమ్మాయి డిప్లొమా చదివేది అక్కడే. మరిది ఆ కమానులు, మేడలు చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "వదినా, ఇంత మంచి ప్యాలెస్ తీస్కపోయి కాలేజీకిచ్చిన్రా? మా దగ్గరైతే తోట పెంచి, టికెట్ పెట్టి, లోపల కేఫ్ నడుపుతరు. కాలేజీకి ఊరి బయట బిల్డింగ్ కట్టిస్తే అయిపాయె!"

మా ఆయన ఊరుకోవచ్చుగా! "హోటల్ చేసినా మంచిగుంటది. పెళ్ళిళ్ళకిస్తరు" అన్నారు.

"అయితే నేను టికెట్ కొనుక్కొని రావాల్నా బాబాయ్ మా కాలేజీకి?" అంది మా పిల్ల. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మరిది చెప్పే "మా దగ్గర" నేను చూడనిది కాదు. రెండేళ్ళ కిందట మమ్మల్ని పిలిపించుకున్నప్పుడు డెర్బీ పక్కనే ఉన్న కెడిల్‌స్టన్ హాల్‌కి తీసుకెళ్ళాడు. మనల్ని ఏలిన వైస్రాయ్ కర్జన్ వాళ్ళ ఇల్లది. రాబర్ట్ ఆడమ్ అనే ఆయన చేత పద్దెనిమిదో శతాబ్దంలో కట్టించారు. మార్బుల్ హాలులో 20 స్తంభాలు నిలబడి ఉంటే మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. బాగుంది, కాదనను. వంటింట్లో పొయ్యి మీద ఏదీ వృథా చేయొద్దని హితవు చెక్కించారు. అంత ఇల్లు కట్టుకుని ఆ హితవు వంటవాళ్ళకి చెప్పారన్నమాట!

కింద మన దేశం నుంచి తీసుకెళ్ళిన వస్తువులతో ఒక మ్యూజియం. 1903లో ఢిల్లీ దర్బారుకి కర్జన్ భార్య వేసుకున్న నెమలీకల గౌను కూడా ఆ ఇంటిదే. నాలుగు కిలోలు దాటిన బరువు, నిండా జరీ పని. ఆ పని చేసింది మన ఢిల్లీ చేతులే. బీరువాలో ఉన్న నా గద్వాల చీర గుర్తొచ్చింది. మగ్గం మీద దాన్ని నేసిన మనిషి పేరు నాకూ తెలియదు కదా అనుకున్నాను.

ఇంకో సంగతి. ఆ భవనం ముందు చూపుకి అడ్డం లేకుండా ఉండాలని అక్కడున్న ఊరినే తీసి పక్కకి జరిపారు. చర్చి మాత్రం మిగిలింది. తర్వాత ఆ వంశంలో పుట్టిన కర్జనే 1904లో మన పురాతన కట్టడాలను కాపాడే చట్టం తెచ్చాడు. మంచి చట్టమే. అయినా వాళ్ళ ఊరికి ఆ చట్టం ఉంటే బాగుండేది.

అక్కడి పెద్ద ఇళ్ళకి జనం టికెట్ కొనుక్కుని వెళ్ళే రోజులు ఊరికే రాలేదు. పన్నులు కట్టలేక, పనివాళ్ళు దొరక్క వందలాది భవనాలను కూల్చేశారు. 1895లో పుట్టిన నేషనల్ ట్రస్ట్‌కి చాలా ఇళ్ళు చేరింది ఆ భయంతోనే. కెడిల్‌స్టన్ 1987లో చేరింది. ఉండడానికి ఎవరూ మిగలకపోతేనే ఇల్లు బొమ్మవుతుంది. మన మహల్‌కి ఆ ఖర్మేంటి? అందులో రోజూ పిల్లలున్నారు. వరండాల్లో టి-స్క్వేర్లు పట్టుకుని నడుస్తున్నారు. గద్వాల కోటలో కూడా అంతే. చెన్నకేశవస్వామి గుడి ఒకవైపు, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు మీద డిగ్రీ కాలేజీ ఒకవైపు.

ఆ రాళ్ళకి డబ్బు ఎక్కడిది? నేను బి.ఏ.లో చదివింది సంస్థానాల సాహిత్య పోషణ. తిరుపతి వెంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు తిరిగి అవధానాలు చేశారని, రాజులు సన్మానించారని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ శాలువాల ఖర్చు ఎవరి జొన్నచేను భరించిందని ఒక్క ప్రశ్నా రాలేదు. మా నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊరి గడీలో వెట్టికి వడ్లు దంచేది. పండగ రోజు కూడా ఇంట్లో పొయ్యి వెలిగించే ముందు గడీకి పోవాల్సిందే. ఆమె మనవరాలి కూతురు ఇవాళ రాజుగారి మహల్‌లో చదువుకుంటుంటే, పిల్లల్ని బయటికి పంపి లోపల కాఫీ అమ్మాలా? ఎవరి బాకీ ఎవరికి తీర్చినట్టు?

ఇంగ్లండ్ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఉంది, కానీ అది కేఫ్ కాదు. వాళ్ళు పనివాళ్ళ గదులూ చూపిస్తారు. 2020లో నేషనల్ ట్రస్ట్ తమ ఆస్తుల్లో 93 చోట్లకి వలస పాలనతోనో బానిస వ్యాపారంతోనో సంబంధం ఉందని నివేదిక రాసి బయటపెట్టింది. తిట్లూ తిన్నది. మనం ఏ గడి ముందైనా "ఇక్కడ వెట్టి జరిగింది" అని ఒక బోర్డు పెట్టామా?

పట్టించుకోవడం చేతకాదని కూడా అనకండి. 2017లో మా పిల్లలమర్రి కొమ్మ విరిగి పడితే, చెదలు చంపడానికి చెట్టుకి సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగే గుళ్ళను రాయి రాయి విప్పి తెచ్చి ఆలంపురంలోనూ, పిల్లలమర్రి దగ్గరా మళ్ళీ నిలబెట్టారు. చేయాలనుకుంటే చేస్తాం. కాలేజీని ఉంచుతూనే కప్పు బాగుచేయొచ్చు. ఆదివారం పూట అక్కడ చదివే పిల్లలకే నాలుగు డబ్బులిచ్చి వచ్చినవాళ్ళకి చూపించమనొచ్చు. ముందు ఆడవాళ్ళకి ఒక బాత్రూం కట్టొచ్చు. ఆ రోజు ఒకచోట, పేరు చెప్పను, నేనూ తోడికోడలూ పడ్డ అవస్థ మగవాళ్ళకి తెలియదు.

తిరుగు దారిలో ఈ మాటలన్నీ మరిదితో అన్నాను. "వదినా, నువ్వు లెక్చరర్ కావాల్సింది" అని తప్పించుకున్నాడు. వాళ్ళ పదకొండేళ్ళ కొడుకు మాత్రం, "పెద్దమ్మా, వెట్టి అంటే ఏంది?" అన్నాడు. జడ్చర్ల వచ్చేదాకా చెప్తూనే ఉన్నాను. మరిది ముందు సీట్లో ఫోన్ పక్కన పెట్టి కూర్చున్నాడు.